ఇంటికొక పైసా



మీ ఇంట్లో అరవై ఏండ్లు దాటిన పెద్దవారు ఎవరైనా ఉంటే, ఈ పూట వారి దగ్గర కూర్చుని భుజము కింద చేతిమీద చూడండి. గుండ్రంగా, కాస్త లోతుగా ఒక మచ్చ కనిపిస్తుంది. అది మశూచి టీకా మచ్చ. మన దేశములో చివరి మశూచి కేసు 1975 మే నెలలో బయటపడింది. లోకమంతటా ఆ రోగము అంతరించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. కాబట్టి ఇప్పటి పిల్లలకు ఆ మచ్చ లేదు, ఆ భయమూ తెలియదు. అయితే 2020లో కరోనా వచ్చినప్పుడు మా వైపు ముసలివారు ఏమన్నారో తెలుసా? "మళ్ళ గత్తర దినాలొచ్చినయి" అన్నారు. గత్తర అంటే కలరా. డెబ్బై ఏండ్ల కింద చూసిన చావులు ఆ ఒక్క మాటలో దాగి ఉన్నవి.

తెగులు వచ్చినప్పుడు మనిషి మందు ఒక్కటే వెదకడు. ఎవరికి కోపము వచ్చింది? నా బిడ్డనే ఎందుకు తీసికొన్నది? పక్కింటివారు ఎట్లా బ్రతికినారు? అని అడుగుతాడు. ఈ ప్రశ్నలకు మన నల్లగొండ, పాలమూరు పల్లెలు ఒక జవాబు చెప్పుకున్నవి. మన సంఘములు ఇంకొక జవాబు చెప్పినవి. ఈ వారము మనము ఆ చరిత్రను కొంచెము నెమ్మదిగా చూద్దాము.

మా నాయనమ్మ దేవరకొండ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆమె మశూచిని ఎన్నడూ రోగమని పిలువలేదు. "అమ్మ పోసింది" అనేది. బాప్తిస్మము పొంది యాభై ఏండ్లు గడిచినా ఆ మాట ఆమె నోటినుండి పోలేదు. పోచమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ అనే పేర్లు మనకు తెలిసినవే. మశూచి పెద్దమ్మవారు, ఆటలమ్మ చిన్నమ్మవారు. అమ్మ పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కడతారు. ఇంట్లో పోపు పెట్టరు, మాంసము వండరు. బయటివారిని లోపలికి రానివ్వరు. తల్లి ఒంటిలో ఉన్నది, చల్లబడి ఆమె వెళ్ళిపోవాలి అన్నది లోపలి భావము. మామూలుగా దహనము చేసే కులాలవారు కూడా అమ్మవారు పోసి చనిపోయినవారిని చాలాచోట్ల కాల్చక పూడ్చిపెట్టేవారు. తల్లి ఉన్న దేహమునకు నిప్పు పెట్టరాదని వారి భయము.

ఒక మాట మనము నిజాయితీగా ఒప్పుకోవాలి. ఇదంతా మూఢనమ్మకమని మన ప్రసంగీకులు ఒక్క మాటతో కొట్టివేస్తారు. కానీ గుమ్మానికి వేపమండ కట్టి, లోపలికి రావద్దు అని చెప్పడము ఏమిటి? 2020లో అధికారులు మన ఇంటి గోడకు స్టిక్కరు అంటించి చేసినది దాదాపు ఆ పనే గదా! కారణము తప్పు కావచ్చును గాని, ఆ కట్టడి ఎన్నో ప్రాణములను కాపాడి ఉంటుంది.

తెగులు ఒక ఇంటితో ఆగక ఊరంతా పాకితే, అప్పుడు ఊరంతా కదిలేది. బొడ్రాయి దగ్గర పెద్దలు కూడేవారు. ఏ తల్లికి కోపమో తెలిసికొనేవారు. దున్నపోతును కొనుటకు ఇంటింటా చందా ఎత్తేవారు. బలి ఇచ్చి, రక్తము కలిపిన అన్నమును పొలిమేర వెంబడి పొలి చల్లేవారు. ఆ గీత దాటి తెగులు రాకూడదని. ఈ పనిలో డప్పు కొట్టవలసినదీ, బలి పనులు చేయవలసినదీ మాదిగ పల్లెవారే. చావు కబురు మోసికొనిపోయేదీ వారే. అది కూలి పని కాదు, వెట్టి. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందుకు మనకు పనికి వస్తుంది.

ఆ కాలములో చావు ఎంత దగ్గరగా తిరిగేదో చెప్పడానికి రెండు అంకెలు చాలు. 1911 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యములో 1,33,74,676 మంది ఉన్నారు. పదేండ్ల తరువాత, 1921లో, 1,24,71,770 మందే మిగిలినారు. పిల్లలు పుట్టుచున్నా, రాజ్యములో తొమ్మిది లక్షల మంది తగ్గిపోయినారు. ప్లేగు ఉన్నది, కలరా ఉన్నది, వానలు లేక కరువు ఉన్నది. అన్నిటికంటె ఘోరము 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా. దేశమంతటా అది కోటికి పైగా ప్రాణములు తీసినది.

మన సంఘములు పుట్టినది ఇటువంటి దినములలోనే. రష్యా దేశమునుండి వచ్చిన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టినారు. అమెరికా మెన్నొనైట్ బ్రెదరెన్ సంఘము తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ 1899లో వచ్చినారు. మహబూబ్‌నగరులో అంతకు ముందే బాప్తిస్టు మిషనరీలు ఉన్నారు. 1907లో డాక్టరు కాతరీనా షెల్లెన్‌బర్గ్ వచ్చినారు. పెండ్లి చేసికొనలేదు. నాగర్‌కర్నూలులోను, తరువాత శంషాబాదులోను రోగులను చూచుచు 1945లో ఇక్కడే కన్నుమూసినారు. ఈ సంఘములలో చేరినవారు ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. అంటే ఎవరి చేత ఊరు డప్పు కొట్టించేదో, ఎవరి చేత చావు కబురు పంపేదో, వారే "ఇక మేము బలికి రాము" అన్నారు. ఆ మాట ఊరికి ఎట్లా వినిపించి ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

ఆ మొదటి మిషనరీల తరువాతి తరములో పాల్ హీబర్ట్ అనే ఆయన ఉన్నారు. 1932లో శంషాబాదులో పుట్టినారు. తలిదండ్రులు కూడా ఇక్కడ మిషనరీలే. ఈయన చదువుకొని 1960లలో మిషనరీగా తిరిగి వచ్చినారు. పాలమూరు జిల్లాలోని కొండూరు అనే పల్లె జీవితము మీద 1971లో ఒక గ్రంథము ప్రచురించినారు. మానవశాస్త్రము చదివినవారికి ఆ పేరు బాగా తెలుసు. 1982లో ఆయన వ్రాసిన ఒక వ్యాసము ప్రపంచమంతటా వేదాంత కళాశాలలలో చదువుతారు. ఆయన వ్రాసినదానిలో మన పల్లె మనిషి ఉన్నాడు.

ఒక రోజు హీబర్ట్‌గారు శంషాబాదు బైబిలు పాఠశాలలో పాఠము చెప్పుచుండగా, గది వెనుక గుమ్మములో ఒక మనిషి నిలిచి ఉన్నాడు. ముచ్చింతల అనే పల్లె సంఘపెద్ద. చాలా మైళ్ళు నడిచి అలసి ఉన్నాడు. పిల్లలకు చదువుకొనే పని అప్పగించి, ఆయనను గదిలోనికి తీసికొనిపోయి, ఏమి సంగతి అని అడిగినారు. ఊరిలో మశూచి వచ్చింది, పిల్లలు చనిపోయినారు. డాక్టర్లు వచ్చినా ఆగలేదు. చివరకు పెద్దలు సోదె అడిగించినారు. మైసమ్మకు కోపము వచ్చిందని, దున్నపోతును ఇవ్వవలెనని తేలింది. ఇంటింటికీ చందాకు బయలుదేరినారు. క్రైస్తవుల ఇండ్లకు వచ్చినప్పుడు, మా విశ్వాసమునకు ఇది విరుద్ధము, మేము ఇవ్వము అన్నారు. ప్రతి ఇల్లూ ఇస్తే తప్ప తల్లి శాంతించదు, ఒక్క పైసా ఇచ్చినా చాలును అని పెద్దలు బ్రతిమాలినారు. వీరు ఇవ్వలేదు. అప్పుడు ఊరి బావుల్లో నీళ్ళు తోడరాదన్నారు. కోమట్లు సరుకులు అమ్మలేదు.

ఒక్క పైసా! క్రైస్తవులలో కొందరు, ఆ పైసా పడవేసి, మనస్సులో దేవునితో మేము నిజముగా ఇవ్వలేదని చెప్పుకొందామన్నారు. నీళ్ళు లేని ఇంట్లో పిల్లలను పెట్టుకొని వారు అడిగిన మాట అది. నేనైతే వారిని తప్పు పట్టలేను. సంఘపెద్ద మాత్రము ఒప్పుకొనలేదు. ఇంతలో క్రైస్తవుల ఇండ్లలోనే ఒక పాపకు మశూచి సోకింది. ప్రార్థన చేయుమని అడుగుటకు ఆయన నడిచి వచ్చినాడు.

ఊరి పెద్దల వైపునుండి కూడా ఒకసారి చూడండి. వారు డబ్బుకోసము అడుగలేదు. ఊరంతా ఒకే దేహము, ఒక్క ఇల్లు తప్పినా అందరి పిల్లలూ చస్తారని వారు నమ్మినారు. కరోనా కాలములో మాస్కు లేకుండా తిరిగిన మనిషిని మనము ఎట్లా చూచినామో, ఆ పల్లె మన సహోదరులను అట్లా చూచింది. మీ మొండితనమువలన మా బిడ్డ చనిపోయినది అని ఒక తల్లి మన గుమ్మములో నిలిచి ఏడిస్తే, మనము ఏమి చెప్పుదుము? ఆ క్రైస్తవుల ధైర్యమును మనము పాటలు కట్టి పొగడవచ్చును గాని, వారు ఎవరి కన్నీళ్ళ ఎదుట నిలబడినారో కూడా తెలియవలెను.

హీబర్ట్‌గారు మోకరించినారు. ఆయన మనస్సు కలతపడింది. ఆ సంగతి ఆయనే దాచకుండా వ్రాసినారు. చిన్ననాటినుండి ప్రార్థన నేర్చుకొన్నవాడు, ప్రార్థనను గూర్చి ప్రసంగించినవాడు. కానీ ఇప్పుడు ఊరంతా చూచుచున్నది, ఈ క్రైస్తవుల దేవుడు స్వస్థపరచగలడా లేదా అని. ఆయన తరువాత ఆలోచించి గ్రహించినది ఇది. చదువుకొన్న మన క్రైస్తవ్యములో రెండు అంతస్తులు ఉన్నవి. పైన దేవుడు, పరలోకము, నిత్యజీవము. కింద సూక్ష్మజీవులు, మందులు, ఆసుపత్రులు. పల్లె మనిషి అడిగే ప్రశ్నలు మాత్రము నడిమి అంతస్తులో ఉన్నవి. నా బిడ్డనే ఎందుకు? ఇప్పుడే ఎందుకు? ఆ అంతస్తు మన ఇంట్లో కట్టనే లేదు. అందుకే మనవారు ఆదివారము గుడికి వచ్చి, సోమవారము తాయెత్తు కట్టించుకొంటారు.

ఆ పాప బ్రతుకలేదు. కొద్ది దినములకే చనిపోయిందని కబురు వచ్చింది. ఆయన తాను పూర్తిగా ఓడిపోయినట్టు కుమిలిపోయినారు. కొన్ని వారముల తరువాత ఆ సంఘపెద్ద మళ్ళీ వచ్చినాడు. ముఖములో దుఃఖము లేదు, విజయము ఉన్నది. ఇది ఎట్లా అని అడిగితే ఆయన చెప్పిన జవాబు భావము ఇది: పాప బాగుపడి ఉంటే ఊరు మన దేవుని శక్తిని ఒప్పుకొనేదే, కానీ ఎప్పటికైనా ఆ పిల్ల చనిపోవలసినదేనని వారికీ తెలుసు. ఆ భూస్థాపనలో వారు పునరుత్థాన నిరీక్షణ చూచినారు, అది మరణము మీదనే గెలుపు, ఇప్పుడు వారే వచ్చి మన మార్గమును గూర్చి అడుగుచున్నారు.

చదువుకొన్న దొరగారికి తోచనిది, చెప్పులరిగేటట్టు నడిచి వచ్చిన పల్లె పెద్దకు తోచింది. ఊరు ఒక పందెము పెట్టింది: ఎవరి దేవత బలమైనది? మిషనరీగారు తెలియకుండానే ఆ పందెములో కూర్చున్నారు. సంఘపెద్ద ఆ పందెమే ఆడలేదు. ఆ దినములలో మశూచితో చనిపోయిన పసిపిల్లలను భయముతో త్వరగా పూడ్చి వెనుదిరిగి చూడకుండా వచ్చేవారు. అటువంటి చోట పాడి, వాక్యము చదివి, తల్లి పక్కన నిలబడి పంపించడమే ఒక సాక్ష్యము.

మన సంఘచరిత్రలో ఇది మొదటిసారి కాదు. 1527లో విట్టెన్‌బర్గులో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథరు ఊరు విడిచి పోలేదు. తన ఇంటినే ఆసుపత్రి చేసినాడు. అదే సంవత్సరము ఒక లేఖ వ్రాసి, మందు వాడండి, ఇంటికి ధూపము వేయండి, అవసరము లేని చోటికి పోకండి అని చెప్పినాడు. మీ పొరుగువాడు పిలిస్తే మాత్రము వెళ్ళమన్నాడు. జాగ్రత్త పడుట అవిశ్వాసము కాదని ఐదువందల ఏండ్ల కిందనే ఆయన తేల్చిచెప్పినాడు.

2020 నాటికి మనము దానిని మరచిపోయినాము. మార్చి నెలలో ఊళ్ళు పొలిమేరలో ముళ్ళకంప వేసి దారులు మూసివేసినవి. పొలి చల్లిన గీత మీదనే ముళ్ళకంప వచ్చి పడింది! బొంబాయి, పూనా నుండి తిరిగి వచ్చిన పాలమూరు కూలీలు సొంత ఊరిలో అడుగుపెట్టలేకపోయినారు. ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్టు చుట్టూ కేసులు బయటపడి ఆ పట్టణము బిక్కుబిక్కుమన్నది. అదే నెలలో చెన్నైలో రోగులను చూచి రోగము తెచ్చుకొని చనిపోయిన ఒక వైద్యుని దేహమును తెచ్చిన అంబులెన్సు మీద జనము రాళ్ళు వేసినారు. ఏప్రిల్ 12న ఈస్టరు వచ్చింది. తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తి వెలిగించేవారు లేరు. జూన్ 8 వరకు మందిరములు తెరువలేదు.

ఆ దినములలో మన వాకిళ్ళకు, ఫోన్లలో, ఆటోల వెనుక 91వ కీర్తన కనిపించింది. అది గొప్ప కీర్తన. దానిని పట్టుకొని మనము చెప్పిన మాటలే తప్పు. విశ్వాసముంటే ఈ తెగులు నీ దగ్గరకు రాదు అని ప్రసంగించినవారు చాలామంది. నేను కూడా లాక్‌డౌనుకు ముందటి ఆదివారము అదే చెప్పినాను. ఆ మాట విన్నవారిలో ఇద్దరు మరుసటి సంవత్సరము వేసవిలో చనిపోయినారు. మైసమ్మకు కోపము వచ్చిందన్న ఊరికీ, వీరికి విశ్వాసము చాలలేదన్న మనకూ తేడా ఏమున్నది? మనమూ ఎవరి పైసా తగ్గిందో లెక్కపెట్టినాము. సిలోయము గోపురము కూలి చనిపోయిన పద్దెనిమిది మందిని గూర్చి ప్రభువు లూకా 13లో అడిగిన ప్రశ్నను, పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులకు ఆయన ఇచ్చిన జవాబును చదివి కూడా.

ఇంకొక సంగతి చెప్పవలెను. ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 మార్చి 15న మృతదేహములను గూర్చి సూచనలు ఇచ్చింది. స్నానము చేయించకూడదు, ముద్దుపెట్టుకొనకూడదు, కౌగిలించుకొనకూడదు. అయితే దేహమును ముట్టకుండా గ్రంథ పఠనము చేయవచ్చునని అందులోనే స్పష్టముగా ఉన్నది. లాక్‌డౌనులో ఇరవై మందికి మించకుండా అంత్యక్రియలకు వెళ్ళుటకు అనుమతి ఉన్నది. చాలాచోట్ల ఆ ఇరవై మంది కూడా పోలేదు. చట్టము మనలను ఆపినదానికంటె భయము ఎక్కువ ఆపింది. నడిచి పోయిన ఆ సంఘపెద్దను తలచుకొంటే నాకు సిగ్గు వేస్తుంది. అయితే దూరముగా ఉండుటంతా పిరికితనమని అనుకొనకండి. 2021 మేలో నల్లగొండ జిల్లా అడవిదేవులపల్లి మండలము కొత్తనందికొండ తండాలో ఒక విద్యార్థికి కరోనా వస్తే, ఇంట్లో ఒకే గది ఉన్నదని, చెట్టు మీద మంచము కట్టుకొని పదకొండు రోజులు ఉన్నాడు. ఇంటివారికి సోకకూడదని. ఏ మందిరములోను అంతటి ప్రేమ సందేశము నేను ఆ సంవత్సరము వినలేదు.

నేను చెప్పిన ఇద్దరిలో ఒకాయన మా సంఘములో ముప్పై ఏండ్లు డోలు వాయించిన మనిషి. 2021 మేలో ఆసుపత్రినుండి సంచిలో చుట్టి తెచ్చినారు. సమాధి దగ్గర ఆరుగురము. జేసీబీతో గొయ్యి తవ్వించినాము. ఆయన భార్యకు కూడా రోగము ఉన్నందున ఆమె ఇంటి కిటికీ దగ్గరే నిలిచింది. వాక్యము చదువుటకు నాకు మూడు నిమిషములు పట్టింది. పాట పాడలేదు. పిడికెడు మట్టి వేయుటకు ఎవరూ ముందుకు రాలేదు, యంత్రమే పూడ్చింది.

ఆ చలికాలములో సాక్ష్యముల కూడిక పెట్టినాము. బ్రతికి బయటపడినవారు ఒక్కొక్కరు లేచి, నా విశ్వాసమునుబట్టి దేవుడు నన్ను కాపాడినాడు అని చెప్పినారు. ఆమె మూడో వరుసలో కూర్చుని అన్నీ విన్నది. కూడిక అయిన తరువాత నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మా ఇంటాయన విశ్వాసము ఎంత తక్కువైంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదని చెప్పినాను. ఆమె ఇంకేమీ అనలేదు. కొంచెము ఆగి, "ఆయనను సరిగ్గా సాగనంపలేదు, అది చేయించండి" అన్నది.

2022 మేలో, సంవత్సరము నిండిన దినమున, మళ్ళీ భూస్థాపన ఆరాధన జరిపినాము. ఇటువంటి క్రమము మా ఆరాధన పుస్తకములో లేదు. ఒకరిద్దరు పెద్దలు అభ్యంతరము చెప్పినారు కూడా. సంఘమంతా వచ్చింది. ఆయన డోలు తెచ్చి సమాధి మీద పెట్టినారు. పాటలు గంటసేపు పాడినాము. ఊరివారు కూడా చాలామంది వచ్చి, తోట బయట కంచె దగ్గర నిలిచినారు. వారిలో బోనాల పండుగకు ముందు నడిచే ఇంటి పెద్దాయన ఒకరు. ఆయనకూ ఈయనకూ చిన్ననాటి స్నేహము. నేను వంగి మట్టి తీసికొనేసరికి ఆయన కంచె దాటి వచ్చినాడు.

"అయ్యగారూ, మేము కూడా వెయ్యొచ్చునా?" అని అడిగినాడు.

"వెయ్యండి పెద్దయ్యా" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చెయ్యి ఊపినాడు. ఇంటికొకరు చొప్పున వచ్చినారు. చెప్పులు విడిచి, ఒక్కొక్క పిడికెడు వేసి వెళ్ళినారు. ఆ వరుస పూర్తయ్యేసరికి పొద్దు గుంకింది.